కరిగింది సరే, ఎలా కరిగింది?

(శ్రీకాకుళంలో డిగ్రీ, పీజీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు ఒక క్వాలిటీ కంట్రోల్ అనలిస్ట్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడ మాత్రమే సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకుపోదాం.

ఇందాక స్టాఫ్ రూములో మీ ప్రాక్టికల్ రికార్డులు తిరగేశాను. బెంజాయిక్ యాసిడ్, మెల్టింగ్ పాయింట్, అంటే కరిగే ఉష్ణోగ్రత, 122 డిగ్రీలు. పేజీ తిప్పితే 122. ఇంకో రికార్డు తీస్తే అందులోనూ 122. ఒక్కరికీ 119 రాలేదు, ఒక్కరూ 120 నుంచి 122 అని రాయలేదు. ఆ పాత థర్మామీటర్లతో, ఆ బర్నర్ మంట మీద ఇంతమందికీ ఒకటే వచ్చిందంటే నేను నమ్మను. మీరూ నమ్మరు. (నవ్వులు) పుస్తకంలో ఉన్నది రాశారు, మార్కులు పడ్డాయి, అక్కడితో అయిపోయింది.

రేపు మీలో చాలామంది మందుల కంపెనీలున్న పైడిభీమవరం బస్సెక్కుతారు. అక్కడి ల్యాబ్‌లో మీ ముందుకొచ్చే తెల్ల పొడికి లేబుల్ ఉంటుంది, బ్యాచ్ నంబరు ఉంటుంది, స్పెసిఫికేషన్ కాగితం మీద రావాల్సిన మెల్టింగ్ రేంజ్ కూడా అచ్చేసి ఉంటుంది. అంటే జవాబు ముందే కళ్లెదురుగా ఉంటుంది, మీ రికార్డులో లాగే. దాన్ని చూసి రాసే అలవాటు ఇక్కడే పడిపోతే అక్కడ పోదు. ఆ పొడి రేపు మాత్ర అవుతుంది, ఎవరో మింగుతారు. అందుకని ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎంత వేగంతో వేడి చేశారు, దేనిలో పెట్టి చేశారు, ఏది చూసి ఆ నంబరు రాశారు అన్నవి లేకుండా మెల్టింగ్ పాయింట్ అని రాస్తే, అది ఫలితం కిందకి రాదు.

ముందు మీకు తెలిసిన క్యాపిలరీ పద్ధతి చూద్దాం. ఒక చివర మూసిన సన్న గాజు గొట్టం, లోపలి వ్యాసం మిల్లీమీటరు అటూ ఇటూ. పొడిని బాగా ఆరబెట్టి, మెత్తగా నూరి, 3 మిల్లీమీటర్ల ఎత్తు వరకు దింపాలి. పుల్లతో గుచ్చితే దిగదు. పొడవాటి గాజు గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టి, దాని పైనుంచి క్యాపిలరీని వదిలితే అడుగున టక్కున తగిలి పైకి ఎగురుతుంది, పొడి తనంతట తనే సర్దుకుంటుంది. నాలుగైదు సార్లు వదిలితే చాలు. ఇది సరిగ్గా చెయ్యకపోతే మధ్యలో గాలి ఉండిపోయి, పొడి కుంగడాన్ని చూసి కరిగిందనుకుంటారు.

తర్వాత థీలే ట్యూబ్, అంటే నూనె పోసి, థర్మామీటర్‌తో పాటు క్యాపిలరీని అందులో ఉంచి వేడి చేసే గాజు గొట్టం. ఆ పక్క చెయ్యి ఊరికే అందానికి పెట్టలేదు. అక్కడ వేడి చేస్తే నూనె పైకి లేచి, చుట్టూ తిరిగి, కలపకుండానే వేడి సమానంగా పాకుతుంది. కరగడానికి ఇంకా 10 డిగ్రీలు ఉందనగా మంట తగ్గించి, నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున పెంచాలి. మొదటి తడి చుక్క కనపడ్డ చోటు ఒక రీడింగ్, ఆఖరి గింజ మాయమైన చోటు ఇంకో రీడింగ్. రెండూ రాయాలి. మనవాళ్లు ఏం చేస్తారంటే బెల్లు కొట్టేస్తారేమోనని టెన్షన్‌లో మంట పెంచుతారు. అప్పుడు నూనె ముందు పరిగెడుతుంది, గొట్టంలో పొడికి వేడి ఆలస్యంగా అందుతుంది. థర్మామీటర్ చూపించేది నూనె వేడి. అందుకే తొందరపడ్డవాళ్లకి రీడింగ్ ఎక్కువ వస్తుంది, రేంజ్ కూడా సాగుతుంది.

రేంజ్ సాగితే సరుకు శుద్ధంగా లేదని అంటారు కదా. ఎందుకని? స్ఫటికం అంటే అణువులు వరసగా పేర్చుకుని ఉన్న కట్టడం. కరిగిన ద్రవంలో పరాయి పదార్థం కలిసి ఉంటే ఆ ద్రవం ఇంకా కింది ఉష్ణోగ్రతలోనే స్థిరపడుతుంది. కనుక ఘనం ముందే కరగడం మొదలుపెడుతుంది, పూర్తవడానికి టైం తీసుకుంటుంది. మీ ఇళ్లలో అమృతధార సీసా ఎవరైనా చూశారా? కడుపునొప్పికి నీళ్లలో రెండు చుక్కలు వేసి ఇస్తారు. (సభలోంచి: మా నానమ్మ చేస్తుంది మేడమ్.) చూడండి! ఆవిడ చేసేది ఏమిటి? వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం సీసాలో వేసి మూత పెడుతుంది. వాము పువ్వు అంటే థైమాల్, 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుదీనా పువ్వు మెంథాల్, 42 ప్రాంతం. కర్పూరం కరగాలంటే 175 దాటాలి. విడివిడిగా మూడూ మన గది వేడికి గట్టిగానే ఉంటాయి. మూడూ కలిపితే పొయ్యి ముట్టించకుండానే నీళ్లయిపోతాయి. దీన్నే మనం యూటెక్టిక్ అంటాం. నానమ్మకి ఆ పేరు అక్కర్లేదు, పని జరుగుతుంది.

ల్యాబ్‌లో దీన్ని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. యూరియా 133 దగ్గర కరుగుతుంది, సిన్నమిక్ యాసిడ్ కూడా 133 దగ్గరే. మీకు పేరు లేని పొడి ఇచ్చారు, 133 వచ్చింది. ఏది? నంబరు చూసి చెప్పలేరు. దానిలో కొంచెం అసలు యూరియా కలిపి మళ్లీ చేయండి. 133 దగ్గరే ఉంటే అది యూరియా. చాలా కిందికి పడిపోతే యూరియా కాదు. దీనికి మెషిన్ అక్కర్లేదు, లక్షలు అక్కర్లేదు. నన్నడిగితే ప్రతి డిగ్రీ విద్యార్థీ ఈ మిక్స్‌డ్ మెల్టింగ్ పాయింట్ ఒక్కసారైనా తన చేత్తో చెయ్యాలి. వైవాలో చెప్పడానికి దీనికన్నా మంచి సంగతి లేదు.

లోహాల్లోనూ అంతే. బుడితి ఇత్తడి మీకందరికీ తెలుసు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు. అందులో 30 పాళ్లు జింక్ కలిసిన ఇత్తడి 915 దగ్గర కరగడం మొదలై 955కి పూర్తవుతుంది. ఇది అమృతధార లాంటి యూటెక్టిక్ వ్యవహారం కాదు, ఘన ద్రావణం, అంటే ఘనంగా ఉన్నప్పుడే రెండు లోహాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అయినా ఒక్క నంబరు బదులు ఒక రేంజ్ కనపడటం మాత్రం ఇక్కడా ఉంది.

సరే, అసలు విషయానికొద్దాం. డీఎస్సీ. (నవ్వులు) నవ్వుతారని తెలుసు, ఇది టీచర్ పోస్టుల డీఎస్సీ కాదు, డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరిమెట్రీ. దీని వెనక చరిత్ర పొడుగ్గా ఉంది, క్లుప్తంగా చెప్తాను. 1887లో లె షాటెలియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మట్టిని వేడి చేస్తూ థర్మోకపుల్‌తో, అంటే ఉష్ణోగ్రత కొలిచే తీగల జతతో, ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూశాడు. 1899లో రాబర్ట్స్ ఆస్టెన్ నమూనాకి ఒకటి, పక్కన మార్పు లేని పదార్థానికి ఒకటి థర్మోకపుల్ పెట్టి రెండింటి మధ్య తేడా కొలిచాడు. 1962లో పెర్కిన్ ఎల్మర్ అనే అమెరికా కంపెనీలో వాట్సన్, ఓనీల్ తయారుచేసిన పరికరం ఆ తేడాని వేడి లెక్కలోకి మార్చింది. ఇవాళ మన ల్యాబుల్లో ఉన్నవన్నీ ఆ వంశంలోవే.

లోపల రెండు చిన్న అల్యూమినియం పాన్లు ఉంటాయి, చొక్కా గుండీ అంత. ఒకదాంట్లో మన పొడి, ఇంకోటి ఖాళీ. రెండింటినీ ఒకే కొలిమిలో ఒకే వేగంతో వేడి చేస్తారు. మామూలుగా రెండూ కలిసి పైకి వెళ్తాయి. పొడి కరగడం మొదలయ్యేసరికి అది వేడి తాగుతుంది కానీ ఉష్ణోగ్రత పెరగదు, గుప్తోష్ణం కదా. ఖాళీ పాన్ మాత్రం ముందుకు పోతుంది. ఆ తేడాయే గ్రాఫ్‌లో లోయలాగా దిగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో కొండలాగా లేస్తుంది. ఎటున్నా దాన్ని పీక్ అంటాం. కంగారుపడకండి, గ్రాఫ్ అంచున ఎక్సో ఎటువైపో రాసి ఉంటుంది, ముందు అది చూడండి. వేడి తీసుకుంటే ఎండో, వదిలితే ఎక్సో. కరగడం ఎండో, గడ్డకట్టడం ఎక్సో. అది చూడకుండా రిపోర్ట్‌ మీద చర్చ పెట్టుకున్న మీటింగుల్లో నేను కూర్చున్నాను.

ఇప్పుడు శాంపిల్ పెట్టడం. పుస్తకాల్లో ఒక్క లైన్‌లో పోతుంది, పనంతా ఇక్కడే ఉంది. పొడి 2 నుంచి 5 మిల్లీగ్రాములు చాలు. మైక్రోబ్యాలెన్స్ దగ్గర ఫ్యాన్ ఆపాలి, పాన్‌ని చేత్తో ముట్టుకోకూడదు, ట్వీజర్స్‌తోనే పట్టుకోవాలి. వేలికుండే జిడ్డు కూడా వేడికి స్పందిస్తుంది. పొడిని కుప్పగా పోయకుండా అడుగున పలచగా పరవాలి. కుప్ప పోస్తే కిందిది ముందు, పైది తర్వాత కరిగి పీక్ వెడల్పవుతుంది. మూత పెట్టి క్రింపర్‌లో నొక్కాక పాన్‌ని తిప్పి అడుగు చూడండి. చదునుగా ఉందా, పొడి అంటుకుందా? అడుగు ఉబ్బితే సెన్సర్‌కి సరిగ్గా ఆనదు. అంటుకున్న పొడి సెన్సర్ మీద కాలిపోయి మరక పడితే తర్వాతి వారం రోజులు ఆ మరక పీకులే కనపడతాయి. నైట్రోజన్ నిమిషానికి 50 మిల్లీలీటర్లు, వేడి నిమిషానికి 10 డిగ్రీలు అన్నది సాధారణంగా పెట్టుకునే సెట్టింగ్. ఆ 10 కూడా దేవుడిచ్చింది కాదు, మీ ఎస్‌ఓపీ, అంటే ల్యాబ్‌లో రాసిపెట్టుకున్న పని పద్ధతి, ఏం చెప్తే అది.

వర్షాకాలంలో మన దగ్గర గాలే తడిగుడ్డ. సముద్రం ఎంత దూరం! నీటిని పీల్చే పొడి ఏదైనా బాటిల్ మూత తీసి కబుర్లు చెప్పుకుంటే తేమ పట్టేస్తుంది. వేసవిలో బాగున్న బ్యాచ్ జూలైలో మెల్టింగ్ తక్కువ చూపిస్తోందంటే సింథసిస్ వాళ్ల మీద పడే ముందు మీ డెసికేటర్‌లో, అంటే పొడికి తేమ తగలకుండా దాచే పాత్రలో, తేమ పడితే రంగు మారే సిలికా జెల్ ఎలా ఉందో చూసుకోండి.

మెషిన్ నిజం చెప్తోందని ఎలా నమ్మాలి? ఇండియం ముక్క పెట్టి. శుద్ధమైన ఇండియం 156.6 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గ్రాముకి 28.5 జౌళ్ల చుట్టుపక్కల వేడి తీసుకుంటుంది. ఉష్ణోగ్రతా సరిపోవాలి, వేడి లెక్కా సరిపోవాలి. పై ఉష్ణోగ్రతలకి జింక్ వాడతారు, 419.5. అల్యూమినియం పాన్‌తో 600 దాటించకండి. అల్యూమినియమే 660కి కరుగుతుంది, మెషిన్‌తో పాటు మీ ఉద్యోగమూ కరుగుతుంది. (నవ్వులు)

ఇప్పుడు గ్రాఫ్ వచ్చింది. ఏది మెల్టింగ్ పాయింట్? పీక్ కొసా? దిగడం మొదలైన చోటా? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. బేస్‌లైన్‌ని, అంటే పీక్ రాకముందు చదునుగా సాగే గీతని, ముందుకి పొడిగించి, పీక్ వాలుకి స్పర్శరేఖ గీసి, రెండూ కలిసే చోటు తీసుకుంటే అది ఎక్స్‌ట్రాపొలేటెడ్ ఆన్‌సెట్. శుద్ధ పదార్థానికి దీన్నే తీసుకుంటాం. కొస ఎందుకు కాదంటే, వేడి చేసే వేగం పెంచినా, పొడి బరువు పెంచినా కొస పైకి జరుగుతుంది. 3 మిల్లీగ్రాములు పెట్టినప్పుడు ఒకటి, 8 పెట్టినప్పుడు ఇంకోటి. ఆన్‌సెట్ అంతగా కదలదు. కొన్ని కంపెనీల స్పెసిఫికేషన్లో పీక్ ఉష్ణోగ్రతే రాసి ఉంటుంది, అప్పుడు పీకే ఇవ్వాలి. కానీ ఏది ఇచ్చారో రిపోర్ట్‌లో స్పష్టంగా ఉండాలి. ఒకరు ఆన్‌సెట్, ఇంకొకరు పీక్ రాసి రెండు డిగ్రీల తేడా ఎందుకొచ్చిందని రెండు ల్యాబులు ఉత్తరాలు రాసుకోవడం నాకు తెలిసి ప్రతిచోటా ఉన్నదే.

పీక్ వైశాల్యాన్ని బరువుతో భాగిస్తే కరగడానికి పట్టిన వేడి వస్తుంది. పారాసెటమాల్‌కి గ్రాముకి సుమారు 180 జౌళ్లు. అదే పొడికి 150 వస్తే? కొంత భాగం స్ఫటికంగా లేదేమో, పరాయిది కలిసిందేమో, లేదా తూకం తప్పేమో. క్యాపిలరీ గొట్టం ఈ అనుమానం మనకి ఇవ్వలేదు.

ఇక లోయలన్నీ కరగడం వల్లే వస్తాయనుకోకండి. థియోఫిలిన్ మోనోహైడ్రేట్ తీసుకోండి, ఆస్తమా మందు. 100 డిగ్రీల లోపే ఒక వెడల్పాటి లోయ వస్తుంది. కొత్తవాళ్లు అదే మెల్టింగ్ అంటారు. కాదు, నీరు వదిలిపోతోంది. అసలు కరగడం 270 దాటాక. అనుమానం తీరాలంటే టీజీఏ, అంటే వేడి చేస్తూ బరువు తూచే యంత్రం. కరిగితే బరువు తగ్గదు, నీరు పోతే తగ్గుతుంది. ఎంత తగ్గాలో మీరే లెక్క వేయగలరు. మోనోహైడ్రేట్ అణుభారం 198, అందులో నీరు 18. అంటే 9.1 శాతం. టీజీఏలో 9 చిల్లర వచ్చిందా, మన అనుమానం నిజం. ఆ లోయ కూడా పాన్ మూతని బట్టి కదులుతుంది. మూతకి సూదితో చిల్లు పెడితే ఆవిరి తేలిగ్గా పోతుంది, లోయ తక్కువ ఉష్ణోగ్రతలోనే వస్తుంది. గాలి చొరకుండా బిగిస్తే ఆవిరి లోపలే ఆగి లోయ ఎక్కువ ఉష్ణోగ్రతకి జరుగుతుంది, ఒక్కోసారి పాన్ పగులుతుంది. అందుకే కొత్త పదార్థం వస్తే ముందు టీజీఏ, తర్వాత డీఎస్సీ. ఎక్కడ విడిపోతుందో తెలిస్తే అంతకు ముందే ఆపేయొచ్చు, సెల్ పాడవదు.

నాకు బాగా ఇష్టమైన పదార్థం కార్బమజెపైన్, మూర్ఛ మందు. దాని అణువులు రకరకాల తీరుల్లో పేర్చుకుని వేర్వేరు స్ఫటిక రూపాలు కడతాయి. అందులో మూడో రూపాన్ని నిమిషానికి 10 డిగ్రీలతో వేడి చేస్తే 175 దగ్గర లోయ, వెంటనే పైకి ఒక ఎక్సో, మళ్లీ 190 దాటాక ఇంకో లోయ. ఏం జరిగింది? ఒక రూపం కరిగింది, కరిగిన ద్రవంలోంచి ఇంకో రూపం స్ఫటికంగా కట్టింది, అది మళ్లీ కరిగింది. అదంతా ఒక్క పాన్‌లోనే. క్యాపిలరీలో కళ్లార్పితే మొదటిది తప్పిపోతుంది, 190 అని రాసి ఊరుకుంటాం.

పారాసెటమాల్ మొదటి రూపం 169కి, రెండో రూపం 157కి కరుగుతాయి. అణువు అదే, పేర్చుకున్న తీరు వేరు. తీరు మారితే నీటిలో కరిగే వేగం మారుతుంది, మాత్ర కింద నొక్కితే కుదిరే తీరూ మారుతుంది. ఇది ఎంత దూరం పోతుందో రిటోనవిర్ చూపించింది. హెచ్‌ఐవీ మందు, 1996లో మార్కెట్‌కి వచ్చింది. 1998లో అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం బయటపడింది. అది మరింత స్థిరమైనది, ద్రావణీయత తక్కువ. క్యాప్సూల్స్ డిసొల్యూషన్ పరీక్షలో, అంటే మందు ద్రవంలో ఎంత త్వరగా కరుగుతుందో చూసే పరీక్షలో, ఫెయిలయ్యాయి, క్యాప్సూల్‌నే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే ఆ రెండు రూపాల మెల్టింగ్ పాయింట్లు దగ్గరదగ్గరే, రెండూ 120ల్లోనే. నంబరు ఒక్కటే చూసేవాడికి రెండూ ఒకటే. వేడి లెక్క చూస్తే తేడా కనపడుతుంది, అణువుల పేర్పు ఎలా ఉందో చూపించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చూస్తే అనుమానమే ఉండదు. డీఎస్సీ అన్నిటికీ చాలదని కూడా గుర్తుంచుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, పంచదార మెల్టింగ్ పాయింట్ నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏది కరెక్ట్?)

అన్నీ కరెక్టే కావచ్చు. 160 నుంచి 190 దాకా రాసి ఉంటాయి. పంచదార కరుగుతూనే విడిపోతుంది, మీ ఇంట్లో పాకం ఎర్రబడేది అందుకే. నెమ్మదిగా వేడి చేస్తే విడిపోవడానికి టైం దొరికి కిందే కరిగినట్టు కనపడుతుంది, వేగంగా చేస్తే పైకి పోతుంది. ఇలాంటి వాటికి హీటింగ్ రేట్ రాయకుండా నంబరు ఇవ్వడం దండగ.

(మరో విద్యార్థిని: డీఎస్సీతో ప్యూరిటీ కూడా చెప్పొచ్చంటారు కదా?)

చెప్పొచ్చమ్మా, వాంట్ హాఫ్ సమీకరణంతో. మలినం ఎంతుంటే మెల్టింగ్ అంత తగ్గుతుందని పీక్ ఆకారం నుంచి లెక్క తీస్తారు. కానీ సరుకు 98 శాతం పైన శుద్ధంగా ఉండాలి, విడిపోకుండా కరగాలి, మలినం ఘనంలో ఇమిడిపోకూడదు. ఈ షరతులన్నీ కుదిరేది తక్కువ. మిశ్రమంలో ఉన్నవాటిని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి తోడుగా పెట్టుకోండి, దాన్ని తీసేసి మాత్రం కాదు.

(ఇంకొకరు: బ్యాచ్‌లో పీక్ రెండుగా చీలిపోతే రిపోర్ట్‌లో ఏం రాయాలి మేడమ్?)

మంచి ప్రశ్న. రెండింటి సగటు మాత్రం రాయకండి, రాసినవాళ్లున్నారు. రెండు ఆన్‌సెట్‌లూ రాయండి, సూపర్‌వైజర్‌కి చెప్పండి. ఆ పాన్‌ని బయటికి తీసి మళ్లీ తూచండి. బరువు తగ్గిందంటే నీరో ద్రావకమో పోయింది, టీజీఏకి వెళ్లండి. తగ్గకపోతే మీ ఇన్వెస్టిగేషన్ పద్ధతి ఒప్పుకున్న మేరకు తాజా పాన్‌తో వేగం మార్చి చూడండి, ఒకసారి 2 డిగ్రీలు, ఒకసారి 20. రూపం మారుతుంటే వేగాన్ని బట్టి రెండు పీకుల పరిమాణాలు మారతాయి. మలినం వల్ల వచ్చిన చిన్న పీక్ అయితే అంత తేలిగ్గా మారదు, దానికి హెచ్‌పీఎల్‌సీ కూడా చూడాలి. పౌడర్ ఎక్స్‌రేకి కొంచెం సరుకు పక్కన పెట్టండి. ఈలోగా ప్రొడక్షన్ వాళ్లు లారీ వచ్చింది, త్వరగా తేల్చండి అని ఫోన్లు చేస్తారు, చెయ్యనివ్వండి. రెండోసారి చక్కగా ఒక్క పీకే వచ్చినా మొదటి థర్మోగ్రామ్, అంటే ఆ డీఎస్సీ గ్రాఫ్, ఫైల్‌లో ఉండాల్సిందే. డిలీట్ చేసినా ఆడిట్ ట్రెయిల్‌లో, అంటే ఎవరు ఏం చేశారో కంప్యూటర్ దాచుకునే చిట్టాలో, మీ పేరుతో, టైముతో సహా ఉంటుంది.